నీటిమట్టం పెరిగింది, నీళ్లు పెరగలేదు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

పోయిన నెల "ఎన్నిసార్లు పరిష్కరించినా మళ్లీ వచ్చే సమస్యలు" అన్న మాట మీద నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సిస్టమ్స్ థింకింగ్, అంటే ముక్కల్ని విడివిడిగా కాకుండా అవి ఒకదాన్నొకటి ఎలా నడిపిస్తాయో కలిపి చూసే ఆలోచన, ఎలా నేర్చుకోవాలని చాలామంది అడిగారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పుస్తకాల దారిన వచ్చినవాణ్ణి కాదు. 31 ఏళ్లు థర్మల్ విద్యుత్ కేంద్రాల కంట్రోల్ రూముల్లో గేజీలు, వాల్వులు చూసుకుంటూ బతికిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. జవాబుల్లో కాస్త ఆవిరి వేడి తగిలితే సర్దుకోండి.

ప్రశ్న: సార్, ఈ విషయం మీద రెండు ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేశాను. నిల్వలు, ప్రవాహాలు, ఫీడ్‌బ్యాక్ వలయాలు (ఫలితం తిరిగొచ్చి కారణాన్నే మార్చే చుట్లు) అన్నీ నోటికి వచ్చు. ఏది దేన్ని మారుస్తుందో చూపే బాణాల బొమ్మలు కూడా బాగానే గీస్తాను. కానీ నిజం సమస్య ఎదురుగా వచ్చి నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. (ఉద్యోగంలో చేరి మూడేళ్లయిన ఒక పాఠకుడు)

జవాబు: మీరు బాణాలు తొందరపడి గీసేస్తున్నారు. అంతకు మించి పెద్ద లోపమేమీ కనిపించడం లేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో రెండో ఏడు, రాత్రి షిఫ్టు. బాయిలర్ పైన డ్రమ్ము అని ఒకటి ఉంటుంది. కింద నీళ్లు, పైన ఆవిరి. అందులో నీటిమట్టం మరీ తగ్గితే గొట్టాలు కాలిపోతాయి. మరీ పెరిగితే నీళ్లు ఆవిరితో పాటు టర్బైన్‌లోకి దూరతాయి. రెండూ కొంపలు ముంచేవే. ఆ రాత్రి ఆటోమేటిక్ కంట్రోలు మరమ్మతులో ఉంది. మట్టం చూసుకుంటూ చేత్తో వాల్వు తిప్పే పని నాది.

ఉన్నట్టుండి లోడు పెరిగింది. టర్బైన్ ఆవిరి గుంజుకోవడం మొదలుపెట్టింది. డ్రమ్ము మట్టం చూస్తే పైకి లేస్తోంది. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని వాల్వు కొంచెం మూశాను. ఇంకా లేచింది. ఇంకొంచెం మూశాను. కాసేపటికి మట్టం బావిలో రాయిలా కిందికి పడింది. కంగారుపడి వాల్వు బార్లా తెరిచాను. చల్లటి నీళ్లు లోపలికి వెళ్లేసరికి మట్టం ఇంకా పడిపోయింది. యూనిట్ ట్రిప్ అయింది. అప్పటిదాకా హోరుమంటున్న హాలు ఒక్కసారిగా చప్పబడిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే.

తెల్లవారాక మా షిఫ్టు ఇంజనీరుగారు చార్ట్ రికార్డర్ల నుంచి మూడు కాగితపు చుట్టలు చింపుకొచ్చి నేల మీద పక్కపక్కనే పరిచారు. ఒకటి మట్టం, ఒకటి బయటికి పోయే ఆవిరి, ఒకటి లోపలికి వచ్చే నీళ్లు.

"వాల్వు ఎందుకు మూశావు బాబూ?"

"మట్టం పెరుగుతోంది కదా సార్."

"మట్టం పెరిగింది. నీళ్లు పెరిగాయా?"

నాకు అర్థం కాలేదు. ఆయన రెండో కాగితం మీద, మూడో కాగితం మీద వేలు పెట్టి చూపించారు. ఆవిరి పోవడం ఎక్కువైంది. నీళ్లు రావడం తక్కువైంది. పోయేది వచ్చేదానికంటే ఎక్కువైతే నిల్వ తగ్గక ఏమవుతుంది? మరి గేజి పైకెందుకు లేచింది? ఆవిరి ఒక్కసారి ఎక్కువగా లాగేసరికి డ్రమ్ములో ఒత్తిడి తగ్గింది. ఒత్తిడి తగ్గితే నీళ్లలోని ఆవిరి బుడగలు ఉబ్బుతాయి, కొత్తవి పుడతాయి. బుడగలు ఉబ్బి నీళ్లను పైకి నెట్టాయి. పాలు పొంగితే గిన్నెలో పాలు పెరిగాయంటామా? ఇదీ అంతే. మా భాషలో దీన్ని స్వెల్ అంటారు. చల్లటి నీళ్లు పోసినప్పుడు బుడగలు ముడుచుకుని మట్టం పడిపోవడం ష్రింక్. అందుకే పెద్ద బాయిలర్లలో ఒక్క మట్టాన్ని నమ్మరు. మట్టం, ఆవిరి, నీళ్లు మూడింటినీ కలిపి చూసే కంట్రోలు పెడతారు.

ఆ మూడు కాగితాలే నాకు మొదటి పాఠం, ఒక రకంగా చివరి పాఠం కూడా. కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మిమ్మల్ని పదేపదే సతాయించే విషయం ఒకటి ఎంచుకోండి. దాన్ని కాలంతో పాటు గీతగా గీయండి. అడ్డంగా వారాలో నెలలో, నిలువుగా ఆ విషయం. పెరుగుతూ పోతోందా, ఊగుతోందా, కొంత దూరం ఎక్కి ఆగిపోయిందా? గీత ఆకారం తెలియకుండా కారణాలు వెతికితే నోటికొచ్చిన కారణమే దొరుకుతుంది. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న: నేను చూస్తున్నది నిల్వా, లేక నిల్వలోకి వచ్చేదా, పోయేదా?

ఈ తేడా చూడటానికి తేలికే. ఒక హాలులోకి జనం వస్తున్నారనుకోండి. మొదట నిమిషానికి 20 మంది, తర్వాత 15, తర్వాత 10, 8, 6, 4 చొప్పున రాక తగ్గిపోతోంది. బయటికి పోయేవాళ్లు మాత్రం నిమిషానికి సరిగ్గా 8 మంది. హాలు ఎప్పుడు బాగా కిక్కిరిసి ఉంటుంది? రాక 20 ఉన్నప్పుడని నోరు జారతారు చాలామంది. కాదు. రాక 8కి దిగేదాకా లోపల జనం పెరుగుతూనే ఉంటారు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో జాన్ స్టెర్మన్ అనే ఆచార్యుడు, లిండా బూత్ స్వీనీ కలిసి స్నానాల తొట్టి లెక్కల్లాంటివి మంచి చదువు చదువుకున్న విద్యార్థులకే ఇచ్చి చూశారు. వాళ్లలోనూ బోలెడుమంది తడబడ్డారు. గాలిలో కార్బన్ డయాక్సైడు సంగతీ ఇదే లెక్క. మనం వదిలేది కాస్త తగ్గినా, సముద్రాలు, అడవులు పీల్చుకునేదానికంటే ఎక్కువ ఉన్నంతకాలం గాలిలో నిల్వ పెరుగుతూనే ఉంటుంది.

మూడో పని ఎవరూ చేయరు. ఏం జరగబోతోందో మీ ఊహను ముందే రాసి, తేదీ వేసి, పక్కన పెట్టండి. నెల తర్వాత తీసి చూడండి. ముందే రాసిపెట్టకపోతే, జరిగినదాన్నే "నేను అనుకున్నదే" అనేస్తాం. నా నోట్‌బుక్కు తిరగేస్తే నా మీద నాకున్న గౌరవం కొంచెం తగ్గుతుంది. ఆ మేరకే ఏదైనా నేర్చుకున్నానని కూడా తెలుస్తుంది. బాణాల బొమ్మలు ఈ మూడూ అయ్యాకే.

ప్రశ్న: "అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయి" అనడమేగా ఇదంతా? మన పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పలేదా?

జవాబు: చెప్పే ఉంటారు. కానీ అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయంటే ఏమీ చెప్పనట్టే. ఏది దేనితో ముడిపడింది, ఎంత గట్టిగా, ఎంత ఆలస్యంగా? ఈ మూడూ చెప్పగలిగితేనే పని జరుగుతుంది. బాయిలర్‌కి చంద్రుడితో కూడా సంబంధం ఉండే ఉంటుంది. నా షిఫ్టులో దాని అవసరం పడలేదు. గీసుకునే హద్దు ప్రశ్నను బట్టి ఉంటుంది. ప్రశ్న మారితే హద్దూ మారుతుంది.

ప్రశ్న: యంత్రాల్లో సరే, అక్కడ గేజీలుంటాయి. ప్రకృతి, మనుషులు ఇలా లెక్కకు లొంగుతారా?

జవాబు: లొంగరు. కానీ మోసపోయే పద్ధతి మాత్రం అదే.

కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్లాండ్ దగ్గర కాడ్ చేపల వేట కొన్ని వందల ఏళ్లుగా సాగింది. 1980లలో పెద్ద ట్రాలర్లకు ఒక్కో వలకు పడే చేప బాగానే పడుతోంది. ఆ లెక్క కూడా కలుపుకుని సముద్రంలో చేప దండిగా ఉందని అంచనాలు కట్టారు. తీరం దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్లు మాత్రం చేప తగ్గింది, చిన్నదైపోయిందని మొత్తుకున్నారు. అసలు జరిగింది ఏమిటంటే, సంఖ్య తగ్గేకొద్దీ మిగిలిన చేపలు ఒకచోట గుంపు కట్టాయి. ట్రాలర్లకు గుంపును వెతికిపట్టే పరికరాలున్నాయి. అందుకని సముద్రం ఖాళీ అవుతున్నా వల నిండుతూనే ఉంది. నా డ్రమ్ములో బుడగలు గుర్తొచ్చాయా? 1992 జులైలో వేట నిషేధించారు. సుమారు 30 వేల మందికి పని పోయింది. మొదట రెండేళ్లకనే విధించిన నిషేధం అది. రెండేళ్లకు చేప తిరిగి రాలేదు. దశాబ్దాలు పట్టింది.

వల నిండటం అనేది ప్రవాహం. సముద్రంలో ఉన్నది నిల్వ. వలను చూసి సముద్రాన్ని అంచనా వేశారు. ఇందులో నాకు ఎక్కువగా గుచ్చుకునేది చిన్న పడవలవాళ్ల మాట. వాళ్ల దగ్గర ఉన్నది మూడో చార్టు కాగితం. దాన్ని మిగతావాటి పక్కన పరిచి చూసినవాళ్లు తక్కువ.

ప్రశ్న: నేను హైస్కూలు టీచర్ని. పిల్లలకు దీన్ని బోర్డు మీద చెప్తే నిద్రపోతున్నారు. ఏదైనా ఆట ఉందా సార్?

జవాబు: ఉందమ్మా, మంచి ఆట ఉంది. దాని పుట్టుక ముందు చెప్తాను. జే ఫారెస్టర్ అని ఒకాయన, మా వృత్తివాడే, ఫీడ్‌బ్యాక్ కంట్రోలు, కంప్యూటర్ల మీద పనిచేసి 1956లో ఎం.ఐ.టి. మేనేజ్‌మెంట్ విభాగానికి మారారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్లు ఒక బెంగ చెప్పుకున్నారు. కెంటకీలోని వాళ్ల గృహోపకరణాల ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు షిఫ్టుల మీద షిఫ్టులు నడుస్తాయి, కొన్నేళ్లకు సగం మందిని ఇంటికి పంపాల్సి వస్తుంది. బజారు ఎత్తుపల్లాల వల్లేనని అందరూ అనుకున్నారు. ఫారెస్టర్ ఒక నోట్‌బుక్కు కాగితం మీద పెన్సిలుతో వారం వారం లెక్క కట్టి చూశారు. బయట కొనుగోళ్లు నిలకడగా ఉన్నా సరే, వాళ్లు సరుకు నిల్వ చేసుకునే పద్ధతి, మనుషుల్ని తీసుకునే పద్ధతి చాలు ఆ ఊగిసలాట పుట్టించడానికి. సిస్టమ్ డైనమిక్స్ అనే శాఖ అక్కడ మొదలైంది.

దాన్ని చేత్తో ఆడే ఆటగా మార్చారు. పేరు బీర్ గేమ్. మీరు పిల్లలతో ఆడించేటప్పుడు పెన్సిల్ పెట్టెలు అనుకోండి, ఆటకేమీ తేడా రాదు. నలుగురు వరుసగా కూర్చోవాలి: చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, తయారీదారు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ప్రతి "వారం" ఒక చీటీ మీద ఎన్ని పెట్టెలు కావాలో రాసి వెనకవాడికి పంపాలి. చీటీ చేరడానికి రెండు వారాలు, సరుకు రావడానికి రెండు వారాలు. మొదట అందరి దగ్గరా 12 పెట్టెలు. మిగిలిపోయిన ఒక్కో పెట్టెకు వారానికి అర పాయింటు జరిమానా, ఇవ్వలేకపోయిన ఒక్కోదానికి ఒక పాయింటు. కొనుగోలుదారుడి చీటీలు బోర్లించి పేర్చి చిల్లర వ్యాపారి దగ్గర పెట్టండి. వాడొక్కడే వారానికొకటి తీసి చూడాలి. వాటి మీద మొదటి నాలుగు వారాలు 4, అయిదో వారం నుంచి చివరిదాకా 8. అంతే, ఇంకే మార్పూ లేదు.

ముప్ఫై వారాలు ఆడించండి. తయారీదారు స్థానంలో కూర్చున్నవాడికి ఆర్డర్లు వరదలా వస్తాయి, తర్వాత నెలల తరబడి సున్నాలు. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటారు, అరుచుకోనివ్వండి. చివర్లో చిల్లర వ్యాపారిని తప్పించి మిగతా ముగ్గురికీ తలో కాగితం ఇచ్చి, కొనుగోలుదారుడు వారం వారం ఎంత కొని ఉంటాడో గీయమనండి. పెద్ద పెద్ద అలలు గీస్తారు. అప్పుడు అసలు చీటీలు విప్పి చూపించండి: 4, 4, 4, 4, 8, 8, 8... మేము మా కొత్త ఇంజనీర్లతో ఆడినప్పుడు ఈ నిమిషంలో గది మూగబోయేది. ఆ మూగబోయినప్పుడు మీరు లెక్చరు మొదలుపెట్టకండి. చెడిపోతుంది.

తర్వాతి రోజు ఒక్క ప్రశ్న అడగండి: "నీ పక్కన కూర్చున్నవాడు తెలివితక్కువవాడు కాదనుకుంటే, ఇది ఎలా జరిగింది?"

ప్రశ్న: నలుగురిని పోగేయలేను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?

జవాబు: మొదట మామూలు స్ప్రెడ్‌షీటు చాలు. ఒక గోదాములో రోజుకు 10 సంచులు వాడకం. వాడకం ఎప్పుడూ మారదు. 100 సంచులు ఉండాలని నియమం. ఇప్పుడు 80 ఉన్నాయి. ఇవాళ ఆర్డరు పెట్టినది మూడు రోజుల తర్వాత చేరుతుంది. ఇంతకుముందు రోజూ పదేసి సంచులు ఆర్డరు పెట్టారు, అవి దారిలో ఉన్నాయి. గుమాస్తా బుద్ధిమంతుడు. రోజూ ఉదయం లెక్క చూసి, వాడకానికి 10, దానికి తోడు 100కి ఎంత తక్కువైతే అంత ఆర్డరు పెడతాడు. 100కి మించి ఉంటే ఆ మేరకు తగ్గిస్తాడు. సున్నా కంటే తగ్గించడం కుదరదు.

వరుసలు నింపుతూ పోండి. మొదటి రోజు 30 ఆర్డరు. సరుకు రాలేదు కాబట్టి రెండో రోజూ 30. మూడో రోజూ, నాలుగో రోజూ అంతే. అయిదో రోజుకు గోదాము 100కి వస్తుంది, గుమాస్తా సంతోషిస్తాడు. ఎనిమిదో రోజుకు 160. ఆరో రోజు నుంచే ఆర్డర్లు ఆపేశాడు, అయినా దారిలో ఉన్నవి వచ్చిపడ్డాయి. పద్దెనిమిదో రోజుకు నిల్వ 70కి దిగుతుంది. ఇరవైనాలుగో రోజుకు 180. చూశారా, ఊగు పెరుగుతోంది. బయట ప్రపంచం మాత్రం రోజుకు 10 సంచులు వాడుతూ నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

ఇప్పుడు లోటు మొత్తాన్ని ఒకేసారి కాకుండా పదో వంతు చొప్పున సర్దమనండి. నిదానంగా, ఊగకుండా 100కి చేరుతుంది. ఇంకో దారి కూడా ఉంది. ఆర్డరు పెట్టి ఇంకా రానిదాన్ని కూడా లెక్కలో వేసుకోమనండి. దారిలో మామూలుగా 30 ఉండాలి, అంతకు మించి ఉన్నదాన్ని లోటులోంచి తీసేయాలి. మొదటి రోజు 30, రెండో రోజు నుంచి 10. అయిదో రోజుకు 100, ఇక కదలదు. దారిలో ఉన్నది కనపడదు కాబట్టి మరిచిపోతాం, ఆటలో పిల్లలు మరిచిపోయేదీ అదే. ఇది మీ వేళ్లతో కట్టి చూశాక ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా నష్టం లేదు. చూడకముందు కొంటే రంగు రంగుల బొమ్మలు మిగులుతాయి.

ప్రశ్న: మా విభాగంలో దరఖాస్తుల పెండింగు 600 దాటింది. ఏడు రోజుల్లో తేల్చాలని గడువు పెట్టాను. మనుషుల్ని పెంచాను. గడువు నివేదికలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పెండింగు మాత్రం తగ్గడం లేదు. (ఒక విభాగాధిపతి)

జవాబు: మీ ఉత్తరంలో ఒక చిన్న అంకె వెనక పేజీలో రాశారు: రోజుకు సుమారు 40 తేలుతున్నాయని. 600ని 40తో భాగించండి, 15 పనిరోజులు. దరఖాస్తు సగటున లోపల గడిపే కాలం అంత. పెండింగు నిలకడగా ఉన్నప్పుడు ఈ లెక్క తప్పదు. 1961లో జాన్ లిటిల్ దీన్ని గణితంగా నిరూపించారు. మరి సగటు 15 రోజులైతే, అందరూ ఏడు రోజుల్లో తేలుస్తున్నామని నివేదిక ఎలా వస్తోంది?

నేను పందెం కాస్తాను. మీవాళ్లు కొర్రీ వేసి తిప్పి పంపుతున్నారు. గడువు దగ్గరపడిన ఫైలుకి ఏదో ఒక కాగితం తక్కువుందని రాస్తే అది నివేదికలో ఆ రోజుకి "తేలినట్టే", పెండింగులో మాత్రం అలాగే ఉంటుంది. వారం తర్వాత అదే మనిషి అదే దరఖాస్తుతో వస్తాడు, కొత్త నంబరుతో. మీ రిజిస్టర్లో ఒక్కటి రెండైంది. గడువు ఎంత బిగిస్తే కొర్రీలు అంత ఎక్కువ, కొర్రీలు ఎక్కువైతే రాక అంత ఎక్కువ, రాక ఎక్కువైతే మీరు గడువు ఇంకా బిగిస్తారు. ఈ వలయంలో చెడ్డవాడు ఎవరూ లేడు. మీరు అడిగిందే వాళ్లు ఇస్తున్నారు.

ఒక్క పని చేయండి. రెండు వారాల పాటు, వచ్చిన ప్రతి దరఖాస్తు మీద "మొదటిసారి" అనో "మళ్లీ వచ్చింది" అనో ఒక ముద్ర కొట్టించండి. చూడకముందే మీ అంచనా ఒక చీటీ మీద రాసి సొరుగులో పెట్టండి. తేలిన 40లో 15 తిరిగి వచ్చేవే అయితే మీ అసలు పని రోజుకు 25. అప్పుడు మనుషుల్ని పెంచడం కంటే, మొదటిసారే కౌంటరు దగ్గర కాగితాలు సరిచూసే ఒక్క మనిషి ఎక్కువ పనికొస్తాడు. లెక్కించే పద్ధతి కూడా మార్చాలి. "ఎన్ని రోజుల్లో కదిలింది" అని కాదు, "మనిషి మళ్లీ రాకుండా తేలిందా" అని.

డొనెల్లా మెడోస్ అని ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్త, వ్యవస్థను ఎక్కడ పట్టుకుంటే కదులుతుందో ఒక వరుస రాశారు. అంకెలు సర్దడం, అంటే ఇంకో ఇద్దరు మనుషులు, ఇంకో రెండు రోజుల గడువు లాంటివి, ఆ వరుసలో అట్టడుగున ఉంటాయి. వ్యవస్థ దేనికోసం పనిచేస్తోందన్న లక్ష్యం చాలా పైన. మనం మాత్రం జీవితమంతా అట్టడుగు మెట్టు మీదే కుస్తీ పడతాం. నేనూ పడ్డాను.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. సిబ్బంది క్షణం ఖాళీ లేకుండా ఉండాలని రాశారు. అడ్డదిడ్డంగా వచ్చే పనికి ఒకే కౌంటరు ఉందనుకోండి. సాదాసీదా క్యూ లెక్క ప్రకారం, ఆ కౌంటరు 80 శాతం సమయం పనిలో ఉంటే, పని జరుగుతున్నవాడితో కలిపి, దాని ముందు సగటున 4 మంది ఉంటారు. 90 శాతమైతే 9 మంది. 95 శాతమైతే 19. ఆ చివరి కాస్త ఖాళీని పిండేకొద్దీ వరుస వీధిలోకి పోతుంది.

ప్రశ్న: అంతా వ్యవస్థ తప్పే అంటే తప్పు చేసినవాడు తప్పించుకోడూ?

జవాబు: ఆ రాత్రి నేను తప్పించుకోలేదు. మెమో వచ్చింది, తీసుకున్నాను. ఆ తర్వాత మా షిఫ్టు ఇంజనీరుగారు ఇంకో ప్రశ్న వేశారు: ఆ కుర్చీలో, ఆ గంటకు, ఆ గేజి ముందు వేరే కుర్రాణ్ణి కూర్చోబెడితే ఏం చేసేవాడు? ఇదే చేసేవాడు. అయితే కుర్రాణ్ణి మార్చి లాభం లేదు. ఆటోమేటిక్ కంట్రోలు నెలలుగా మరమ్మతులో ఎందుకు ఉంది, కొత్తవాడికి స్వెల్ గురించి ఎవరూ ఎందుకు చెప్పలేదు అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఆ జవాబులు పైకి పైకి పోయాయి. కాబట్టి బాధ్యత మాయం కాదు, ఎక్కువమందికి పాకుతుంది. అందుకే కాబోలు పైవాళ్లకు ఈ ఆలోచన అంత ముద్దు రాదు. లాగ్‌బుక్కులో అబద్ధం రాసినవాడి సంగతి వేరు. దానికి వలయాలేమీ గీయక్కర్లేదు.

ప్రశ్న: మా అబ్బాయిది పరీక్షల ఏడాది. చదువు గురించి నేను అడిగేకొద్దీ దాస్తున్నాడు. దాస్తున్నాడని ఇంకా అడుగుతున్నాను. ఇది మీ శాస్త్రంలోకి వస్తుందా అండీ? (ఒక తల్లి)

జవాబు: వస్తుందమ్మా. మీరు ఒక్క వాక్యంలో వలయం మొత్తం గీసేశారు. మీ దృష్టిలో వాడు దాస్తాడు కాబట్టి మీరు అడుగుతున్నారు. వాడి దృష్టిలో మీరు అడుగుతారు కాబట్టి వాడు దాస్తున్నాడు. ఇద్దరిదీ నిజమే. మొదలు ఎక్కడో వెతకడం దండగ, గుండ్రటిదానికి మొదలు ఉండదు. ఎవరు ముందు చెయ్యి తీయగలరన్నదే ప్రశ్న, సాధారణంగా పెద్దవాళ్లే.

మా అమ్మాయి విషయంలో నాకిది ఆలస్యంగా తట్టింది. రోజూ రాత్రి ఇంటికి రాగానే "ఎంతవరకు వచ్చింది?" అనేవాణ్ణి. కంట్రోల్ రూములో రీడింగ్ అడిగినట్టే. తను "అయిపోయింది నాన్నా" అనేది. అది రీడింగ్ కాదు, బుడగ. ఒకసారి మార్కులొచ్చాక మా ఆవిడ నా నోట్‌బుక్కు నా ముందు పడేసి, "దీని గీత కూడా గీయండి" అంది. గీశాను. నేను అడగడం పెరిగిన నెలల్లోనే తను నాతో మాట్లాడటం తగ్గింది.

అడగడం మానేశాను. మానేసేముందు నా అంచనా రాసుకున్నాను: రెండు వారాల్లో తనే చెప్తుంది. రెండు వారాలు గడిచాయి, ఏమీ లేదు. మూడో వారం నా నాలుక కొరుక్కున్నంత పనైంది. ఇంట్లో కూడా సరుకు దారిలో ఉంటుందని, కనపడలేదని ఇంకో ఆర్డరు పెట్టకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆరో వారంలో ఒక రాత్రి లెక్కల పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది. చదువు గురించి కాదు, స్నేహితురాలితో వచ్చిన గొడవ గురించి చెప్పింది. లెక్కల పుస్తకం తెరవలేదు. నేనూ తెరవమనలేదు.

మీ అబ్బాయికి ఎన్ని వారాలు పడుతుందో నేను చెప్పలేను. మీ అంచనా రాసి, దాన్ని మూడు రెట్లు చేసుకోండి.

వచ్చే నెల ఉత్తరాలు రాసేవాళ్లు సమస్యతో పాటు గీత కూడా గీసి పంపండి. పెన్సిలుతో గీసినా చాలు. గీత లేని ఉత్తరాలు చివర్లో చదువుతాను.